ముందు చోటు, తర్వాత లెన్స్: ఫోకల్ లెంగ్త్‌తో సైజు, పర్‌స్పెక్టివ్, పిక్సెళ్ల లెక్క

"టెలీ లెన్స్ వేస్తే వెనకున్నవి దగ్గరికి వచ్చేస్తాయి, వైడ్ లెన్స్ వేస్తే ముక్కు పెద్దదైపోతుంది." ఫొటోలు తీసేవాళ్ల నోట తరచూ వినిపించే మాట ఇది. (టెలీ అంటే దూరపు వస్తువును పెద్దగా చూపే లెన్స్, వైడ్ అంటే ఎక్కువ జాగా పట్టే లెన్స్.) కంటికి కనిపించేది అదే. అయితే ఆ మార్పు తెచ్చేది లెన్స్ కాదు. ఆ లెన్స్ కోసం మీరు ముందుకో వెనక్కో జరిగారు చూడండి, మార్పంతా అక్కడ జరిగింది.

ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. ఈ ఒక్క పొరపాటు వల్ల లెన్సుల మీద వేలు, లక్షలు పోస్తున్నారు. గోపురం వెనక పెద్ద చంద్రుణ్ణి తీద్దామని 600 మి.మీ. లెన్స్ అద్దెకు తెచ్చి, గుడి ముందు 100 మీటర్ల దూరంలోనే నిలబడితే ఏ లెన్సూ ఆదుకోదు. అందుకే ఈ మార్గదర్శి ఒక వరసలో నడుస్తుంది: ఎక్కడ నిలబడాలో ముందు తేల్చుకోవాలి, అక్కడి నుంచి ఫ్రేమ్ నిండడానికి ఎంత ఫోకల్ లెంగ్త్ (లెన్స్ మీద మి.మీ.లలో రాసి ఉండే అంకె, అది పెరిగితే బొమ్మ పెద్దదవుతుంది) కావాలో తర్వాత చూడాలి, వస్తువు మీద ఎన్ని పిక్సెళ్లు పడుతున్నాయో ఆఖరున లెక్కేయాలి.

దగ్గర పెట్టుకోవలసినవి ఇవి: జూమ్ లెన్స్ ఉన్న కెమెరా (మామూలు 18–55 మి.మీ. చాలు), ట్రైపాడ్, 30 సెం.మీ. స్టీలు స్కేలు, కొలత టేపు, ఒకేలాంటి రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక తెలుగు దినపత్రిక, ఫోన్‌లో కాలిక్యులేటర్.

మీ కెమెరా రెండు అంకెలు

ముందుగా సెన్సర్ (కెమెరా లోపల బొమ్మ పడే చిప్) వెడల్పు, పిక్సెల్ సైజు రాసి పెట్టుకోండి. ఈ రెండూ లేకపోతే కింది లెక్కలేవీ సాగవు.

సెన్సర్ వెడల్పు కెమెరా మాన్యువల్‌లో ఉంటుంది. ఫుల్‌ఫ్రేమ్ అయితే 36 × 24 మి.మీ. అంతకంటే చిన్నదైన ఏపీఎస్-సీ అయితే నికాన్, సోనీల్లో సుమారు 23.5 × 15.6, కెనాన్‌లో సుమారు 22.3 × 14.9. మైక్రో ఫోర్ థర్డ్స్ 17.3 × 13.

పిక్సెల్ సైజు కావాలంటే సెన్సర్ వెడల్పును ఫొటో వెడల్పులోని పిక్సెళ్లతో భాగించండి. 24 మెగాపిక్సెల్ ఫొటో అడ్డంగా 6000 పిక్సెళ్లు ఉంటుంది. ఫుల్‌ఫ్రేమ్‌లో 36 ÷ 6000 = 0.006 మి.మీ., అంటే 6 మైక్రాన్లు. అదే 24 మెగాపిక్సెళ్లు 23.5 మి.మీ. సెన్సర్ మీద ఉంటే ఒక్కో పిక్సెల్ 3.9 మైక్రాన్లు. మెగాపిక్సెళ్లు ఒకటే అయినా పిక్సెల్ సైజు వేరు. దూరంగా ఉన్న పిట్టను తీసేటప్పుడు పనికొచ్చేది ఈ రెండో అంకె.

సైజు: సెన్సర్ మీద బొమ్మ ఎంత పడుతుంది

దూరంగా ఉన్న ఏ వస్తువుకైనా లెక్క ఒక్కటే:

బొమ్మ ఎత్తు = వస్తువు ఎత్తు × ఫోకల్ లెంగ్త్ ÷ దూరం

అన్నీ మిల్లీమీటర్లలో వేయాలి. 1.6 మీటర్ల మనిషి 8 మీటర్ల దూరంలో ఉన్నాడు, లెన్స్ 50 మి.మీ. అనుకోండి. 1600 × 50 ÷ 8000 = 10 మి.మీ. లెన్స్ 100 చేస్తే బొమ్మ 20 అవుతుంది. 50తోనే 4 మీటర్లకు నడిచి వెళ్లినా 20 అవుతుంది. బొమ్మ సైజుకు సంబంధించినంత వరకు జూమ్ తిప్పడం, నడవడం రెండూ సమానమే. మిగతా విషయాల్లో మాత్రం ఎంత మాత్రం సమానం కావు. ఆ సంగతి కిందకు వస్తుంది.

ఈ లెక్కలో సెన్సర్ సైజు ఎక్కడా లేదు, గమనించండి. 50 మి.మీ. లెన్స్ ఫుల్‌ఫ్రేమ్ మీదా ఏపీఎస్-సీ మీదా అదే 10 మి.మీ. బొమ్మ వేస్తుంది. చిన్న సెన్సర్ దాని చుట్టూ తక్కువ జాగా చూపిస్తుంది, అంతే. "క్రాప్ బాడీలో (ఏపీఎస్-సీ లాంటి చిన్న సెన్సర్ కెమెరాలో) 50 కాస్తా 75 అవుతుంది" అనే మాట ఫ్రేమ్ ఎంత ఇరుకుగా కనిపిస్తుందో చెప్పడానికి సరిపోతుంది. లెన్స్ మారిపోయిందని దాని అర్థం కాదు.

దగ్గరి వస్తువులకు ఇలా చేయండి. స్టీలు స్కేలును సెన్సర్‌కు సమాంతరంగా నిలబెట్టండి. లెన్స్ ఎంత దగ్గర ఫోకస్ అవుతుందో అంత దగ్గరికి వెళ్లి ఫొటో తీయండి. ఫ్రేమ్‌లో ఎన్ని మిల్లీమీటర్ల స్కేలు కనిపించిందో లెక్కపెట్టి, దానితో సెన్సర్ వెడల్పును భాగించండి. 23.5 మి.మీ. సెన్సర్‌లో 94 మి.మీ. స్కేలు పట్టిందంటే మీ లెన్స్ అసలు సైజుకు 0.25 రెట్ల బొమ్మ ఇస్తోందన్నమాట. మాక్రో లెన్సుల (చిన్న వస్తువులను బాగా దగ్గర నుంచి తీసేవి) మీద ఉండే 1:1 అంటే 23.5 మి.మీ. స్కేలుతోనే ఫ్రేమ్ నిండాలి.

ఇక్కడ చాలామందికి అయోమయం కలిగించే విషయం ఒకటుంది. లెన్స్ మీద రాసిన ఫోకల్ లెంగ్త్ అనంత దూరానికి ఫోకస్ చేసినప్పటి అంకె. లోపలి గాజులను కదిలించి ఫోకస్ చేసే జూముల్లో, దగ్గరికి ఫోకస్ చేసేకొద్దీ అసలు ఫోకల్ లెంగ్త్ తగ్గిపోతుంది. దాన్ని పట్టుకోవడానికి సుమారు లెక్క ఇది:

అసలు ఫోకల్ లెంగ్త్ = సెన్సర్ నుంచి స్కేలుకు దూరం × రెట్లు ÷ (1 + రెట్లు)²

70–200 జూమ్‌ను 200 దగ్గర పెట్టి 1.4 మీటర్ల నుంచి స్కేలు తీస్తే 0.12 రెట్లే వచ్చాయనుకోండి. 1400 × 0.12 ÷ 1.2544 = సుమారు 134. నిజంగా 200 అయితే 0.21 రెట్లు రావాలి. మొహాన్ని ఫ్రేమ్ నిండా తీసేటప్పుడు 200 కూడా 135లా కనిపిస్తోందని ఎవరైనా అంటే లెన్స్ పాడైందని కంగారు పడకండి. దాని నిర్మాణమే అది. 100 మి.మీ. మాక్రో లెన్సుల్లో చాలా వరకు 1:1 దగ్గర 30 సెం.మీ.కే ఫోకస్ అవుతాయి. ఫోకల్ లెంగ్త్ 100 దగ్గరే నిలిచి ఉంటే ఆ దూరం సుమారు 40 సెం.మీ. ఉండాలి.

పర్‌స్పెక్టివ్: మీ కాళ్ల చేతిలో ఉన్న పని

దగ్గరివి, దూరపువి ఒకదానితో ఒకటి పోలిస్తే ఎంత సైజులో కనిపిస్తాయన్నదే పర్‌స్పెక్టివ్. దానికి కుర్చీల పరీక్ష చేయండి. అరగంట పని. ఒకసారి కళ్లారా చూస్తే జీవితంలో మర్చిపోరు.

1. ఆరుబయట ఒక కుర్చీ వెనక 2 మీటర్లలో రెండో కుర్చీ వేయండి. రెండూ కనిపించేలా వెనకదాన్ని కాస్త పక్కకు జరపండి.
2. ముందు కుర్చీకి 2 మీటర్లలో ట్రైపాడ్ పెట్టి, 18 మి.మీ. దగ్గర తీయండి.
3. 6 మీటర్లకు వెనక్కి వెళ్లండి. కెమెరా ఎత్తు మార్చకుండా 55 మి.మీ. దగ్గర తీయండి. ముందు కుర్చీ రెండు ఫొటోల్లోనూ దాదాపు ఒకే సైజులో ఉంటుంది.
4. అక్కడే, ట్రైపాడ్ కదపకుండా, 18 మి.మీ. దగ్గర మూడో ఫొటో తీయండి.
5. కంప్యూటర్‌లో మూడో ఫొటోను రెండోదాని ఫ్రేమ్‌కు సరిపోయేలా క్రాప్ చేసి పక్కపక్కన పెట్టండి.

మొదటి ఫొటోలో వెనక కుర్చీ ముందుదానిలో సగం ఉంటుంది, ఎందుకంటే దూరాలు 2, 4. రెండోదాంట్లో ముప్పావు వంతు ఉంటుంది, దూరాలు 6, 8 కాబట్టి. 18తో తీసి క్రాప్ చేసిన మూడోదాంట్లోనూ అచ్చం ముప్పావు వంతే. కుర్చీ కాళ్ల వాలు కూడా తేడా లేకుండా సరిపోతుంది. తేడా ఒక్క స్పష్టతలోనే ఉంటుంది. వస్తువుల మధ్య సైజు నిష్పత్తి దూరాల నిష్పత్తి నుంచి పుడుతుంది. అందులో ఫోకల్ లెంగ్త్‌కు చోటే లేదు.

ఇప్పుడు దీన్నే గుడి దగ్గరికి తీసుకెళ్దాం. 1.6 మీటర్ల మనిషి, ఆమె వెనక 100 మీటర్లలో 30 మీటర్ల గోపురం. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో మనిషి ఎప్పుడూ 12.8 మి.మీ. ఎత్తే ఉండేలా మీరు వెనక్కి నడుస్తూ లెన్స్ మారుస్తారు:

| లెన్స్ | మనిషికి దూరం | సెన్సర్ మీద గోపురం | మనిషితో పోలిస్తే |
|---|---|---|---|
| 24 మి.మీ. | 3 మీ. | 7 మి.మీ. | 0.55 రెట్లు |
| 50 మి.మీ. | 6.25 మీ. | 14 మి.మీ. | 1.1 రెట్లు |
| 85 మి.మీ. | 10.6 మీ. | 23 మి.మీ. | 1.8 రెట్లు |
| 200 మి.మీ. | 25 మీ. | 48 మి.మీ. | 3.75 రెట్లు |

24తో గోపురం మనిషి ఎత్తులో సగం పైచిలుకే ఉంటుంది. 85 దగ్గర, కెమెరాను నిలువుగా పట్టుకుంటే మనిషీ గోపురమూ రెండూ నిండుగా కుదురుతాయి. 200తో గోపురం ఫ్రేమ్‌లో పట్టదు, రెండు మూడు అంతస్తుల బొమ్మలు మాత్రమే వెనక గోడలా నిలబడతాయి. అలాంటి ఫొటో కావాలంటే అదే మంచిది. ఏది కావాలో ముందు అనుకుని, దాన్నిబట్టి నడవాలి. నిలబడ్డ చోటే జూమ్ తిప్పుతూ ఉంటే గోపురం, మనిషి కలిసి పెరుగుతారు, కలిసి తగ్గుతారు. వాళ్ల మధ్య పొత్తు మాత్రం మారదు.

చంద్రుడి లెక్క ఇంకా తేలిక. ఆకాశంలో చంద్రుడి వెడల్పు సుమారు అర డిగ్రీ. అంటే ఎంత దూరంలో నిలబడితే ఆ దూరంలో 110వ వంతు ఉన్న వస్తువు చంద్రుడికి సరిసమానంగా కనిపిస్తుంది. 100 మీటర్ల నుంచి చూస్తే చంద్రుడు గోపురం మీది 90 సెం.మీ. బొమ్మంత ఉంటాడు. 6 మీటర్ల వెడల్పున్న పైఅంతస్తుకు సమానంగా కావాలంటే 660 మీటర్ల వెనక్కి వెళ్లాలి. అక్కడి నుంచి 400 మి.మీ. లెన్స్‌తో 30 మీటర్ల గోపురం సెన్సర్ మీద 18 మి.మీ. వస్తుంది, చంద్రుడు 3.6 మి.మీ. ముందు మ్యాప్‌లో ఆ 660 మీటర్ల చోటు వెతకండి. పొలం గట్టు, చెరువు కట్ట, డాబా, ఏదైనా సరే, మధ్యలో చెట్లు, కరెంటు తీగలు అడ్డు రాకూడదు.

ఇంకో రెండు విషయాలు. పున్నమి నాటి కంటే ముందు రోజు, చతుర్దశి నాడు, వెళ్లండి. ఆ రోజు సూర్యుడు అస్తమించకముందే చంద్రుడు వస్తాడు కాబట్టి గోపురం మీద ఇంకా వెలుతురు ఉంటుంది, రెండూ ఒకే ఎక్స్‌పోజర్‌లో కుదురుతాయి. రెండోది, 660 మీటర్ల నుంచి ఆ గోపురం శిఖరం క్షితిజం నుంచి రెండున్నర డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. చంద్రోదయమయ్యాక పది పదిహేను నిమిషాల్లోనే చంద్రుడు అక్కడికి చేరతాడు. తన వెడల్పంత దూరం జరగడానికి అతడికి రెండు నిమిషాలు చాలు. ట్రైపాడ్ తీసుకుని పదడుగులు అటో ఇటో జరగడానికి సిద్ధంగా ఉండండి.

మొహం, పెళ్లి గ్రూప్ ఫొటో: రెండు వేర్వేరు జబ్బులు

మొహం దగ్గర ముక్కు కొసకూ చెవికీ మధ్య సుమారు 12 సెం.మీ. ఉంటుంది. చెయ్యి చాచి 40 సెం.మీ. నుంచి సెల్ఫీ తీసుకుంటే చెవి దూరం 52, ముక్కు దూరం 40. చెవితో పోలిస్తే ముక్కు 1.3 రెట్లు పెద్దగా పడుతుంది. మీటరున్నర నుంచి తీస్తే 1.08 రెట్లు, రెండున్నర మీటర్ల నుంచి 1.05. మీటరున్నర దాటితే మొహం మనం ఎదురుగా కూర్చుని చూసినట్టే ఉంటుంది. 85 మి.మీ.కు పోర్ట్రెయిట్ లెన్స్ అని పేరు రావడానికి కారణం ఆ దూరమే. దానితో తలా భుజాలూ ఫ్రేమ్‌లో పట్టాలంటే మీరు తప్పనిసరిగా అంత దూరం వెళ్లాలి. 35తో అదే దూరం నుంచి తీసి క్రాప్ చేసినా మొహం ఆకారం అచ్చం అలాగే ఉంటుంది.

పెళ్లిలో స్టేజీ మీద గ్రూప్ ఫొటోలో అంచున నిలబడ్డ మేనత్త గారి తల అడ్డంగా సాగడానికి కారణం మాత్రం వేరు. అందరూ మీకు ఒకే దూరంలో ఉన్నా సాగుతుంది. గుండ్రటి తలను ఏటవాలు కోణంలో చదునైన సెన్సర్ మీద పరవడం వల్ల వచ్చే సాగుడు అది. ఫుల్‌ఫ్రేమ్‌లో అడ్డంగా అంచు దగ్గర తల వెడల్పు ఎత్తుతో పోలిస్తే ఎంత పెరుగుతుందంటే: 16 మి.మీ. దగ్గర 1.5 రెట్లు, 24 దగ్గర 1.25, 35 దగ్గర 1.12, 50 దగ్గర 1.06. మనుషులున్న ఫొటోకు 24 అంచు పనికిరాదు. 35 వరకు ఎవరూ గుర్తుపట్టరు. మండపంలో వెనక్కి వెళ్లే జాగా లేక 24 వేయక తప్పకపోతే రెండు వైపులా ఫ్రేమ్‌లో ఆరో వంతు ఖాళీగా వదలండి. పక్కన నిలబడ్డవాళ్లను అర్ధచంద్రాకారంలో ముందుకు పిలవకండి, మీకు దగ్గరైన కొద్దీ ఇంకా లావవుతారు. ఒక వరసను రెండు వరసలు చేయడం అన్నిటికన్నా మేలు.

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో లెన్స్ ప్రొఫైల్ పెట్టి సరిచేస్తే ఈ సాగుడు పోతుందనుకుంటారు. పోదు. ప్రొఫైల్ సరిచేసేది వంగిన గీతలను. ఇక్కడ గీతలు తిన్నగానే ఉన్నాయి, ఆ తిన్నదనానికి చెల్లించే మూల్యమే సాగుడు.

ప్రింటును ఎంత దూరం నుంచి చూస్తారన్నది కూడా ఇందులో ఉంది. ఫుల్‌ఫ్రేమ్ ఫొటోను 12 × 8 అంగుళాల ప్రింటు వేస్తే సెన్సర్ బొమ్మ సుమారు 8.5 రెట్లు పెరుగుతుంది. 50తో తీసినదాన్ని 50 × 8.5, అంటే 42 సెం.మీ. నుంచి చూస్తే కెమెరా ఉన్న చోట నిలబడి చూసినట్టే ఉంటుంది. మనం ప్రింటు చేతిలో పట్టుకునే దూరం దాదాపు అంతే. 24 ఫొటోకు ఆ దూరం 20 సెం.మీ., 200 ఫొటోకు 1.7 మీటర్లు. మనం అన్నిటినీ ఒకే దూరం నుంచి చూస్తాం కాబట్టి వైడ్ ఫొటో సాగినట్టు, టెలీ ఫొటో అణిగినట్టు తోస్తుంది. అంచున సాగిన తలను 20 సెం.మీ. నుంచి ఒంటికన్నుతో చూడండి, మళ్లీ గుండ్రంగా కనిపిస్తుంది.

మసక వెనకభాగం గురించి ఒక్క మాట. మొహాన్ని ఒకే సైజులో ఉంచి, 50ని, 200ని రెండింటినీ ఎఫ్/2.8 దగ్గర (ఇది అపర్చర్, అంటే లెన్స్ రంధ్రం ఎంత తెరిచి ఉందో చెప్పే అంకె, చిన్నదైతే రంధ్రం పెద్దది) వాడితే, స్పష్టంగా ఉండే లోతు దాదాపు ఒకటే. 200లో వెనకభాగంలో కొద్ది ముక్కే పెద్దదై పడుతుంది కాబట్టి మసక ఎక్కువగా కనిపిస్తుంది.

పిక్సెళ్లు: దినపత్రిక పరీక్ష

స్పష్టత అసలు ఎక్కడ పోతుందో మన అక్షరాలే చక్కగా చూపిస్తాయి. ద, ధ మధ్య తేడా కింద ఉన్న ఒక చిన్న గీత. పత్రిక అచ్చులో అలాంటి గీత, ఒత్తు లోపలి సందు మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటాయి.

పత్రికను గోడకు చదునుగా అంటించండి, ముడతలు ఉండకూడదు. 4 మీటర్ల దూరంలో ట్రైపాడ్, పత్రిక మధ్యభాగం ఎత్తులో కెమెరా. ఐఎస్ఓ (కాంతికి కెమెరా సున్నితత్వం) 100, ఎఫ్/8, రెండు సెకన్ల టైమర్. మీ దగ్గరున్న ప్రతి ఫోకల్ లెంగ్త్‌తోనూ ఒక్కో ఫొటో తీసి 100 శాతం దగ్గర (ఫొటోలోని ఒక్కో పిక్సెల్ తెర మీద ఒక్కో పిక్సెల్‌గా) చూడండి. 3.9 మైక్రాన్ల పిక్సెల్ ఉన్న కెమెరాలో ఆ మిల్లీమీటరు గీత మీద 18 మి.మీ. లెన్స్‌తో ఒక పిక్సెల్ పైచిలుకు పడుతుంది, 50తో మూడు, 200తో దాదాపు పదమూడు. 18 ఫొటోలో పెద్ద శీర్షిక చదవొచ్చు, వార్తలో ద, ధ ఒకటే అయిపోతాయి. 50లో సందర్భాన్నిబట్టి పోల్చుకుంటారు. 200లో సిరా పాకిన అంచు కూడా కనిపిస్తుంది. లెన్స్ మంచిదైనా, ఫోకస్ సరిగ్గా ఉన్నా, గీత మీద పడే పిక్సెళ్లు రెండు మూడుకు తగ్గితే ఆ గీత ఫొటోలో లేనట్టే. సాఫ్ట్‌వేర్‌లో పదును పెంచితే అంచులు గట్టిపడతాయి, పోయిన గీత మాత్రం తిరిగి రాదు.

బయట పిట్టల దగ్గరా ఇదే లెక్క. పాలపిట్ట పొడవు దాదాపు 30 సెం.మీ. కరెంటు తీగ మీద 20 మీటర్ల దూరంలో ఉందనుకోండి:

| లెన్స్ | సెన్సర్ మీద పిట్ట | 6 మైక్రాన్లు | 3.9 మైక్రాన్లు |
|---|---|---|---|
| 200 మి.మీ. | 3 మి.మీ. | 500 పిక్సెళ్లు | 770 పిక్సెళ్లు |
| 400 మి.మీ. | 6 మి.మీ. | 1000 | 1540 |
| 600 మి.మీ. | 9 మి.మీ. | 1500 | 2300 |

500 పిక్సెళ్ల పిట్ట ఫోన్ తెర మీద బాగుంటుంది. రెక్కలోని నీలం పొరలు విడివిడిగా కనిపించాలంటే కనీసం 1500 ఉండేలా చూసుకోండి. ఇది కొలత పెట్టి తేల్చిన హద్దు కాదు, పని చేసేవాళ్ల అంచనా. పట్టికలో ఇంకో సంగతి చూడండి: 24 మెగాపిక్సెల్ క్రాప్ బాడీ మీద 400 వేస్తే, అదే 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ మీద 600 వేసినంత పిక్సెళ్లు పడుతున్నాయి. పిట్టల కోసమే కెమెరా కొనేవాళ్లు ఇక్కడ డబ్బు మిగుల్చుకోవచ్చు. వెలుతురు తగ్గినప్పుడు వచ్చే గ్రెయిన్ (ఇసుక చల్లినట్టుండే చుక్కలు) విషయంలో మాత్రం రాజీ పడాలి.

క్రాప్ ధర కూడా ముందే తెలుసుకోండి. 200తో తీసి 400 ఫ్రేమ్‌కు క్రాప్ చేస్తే 24 మెగాపిక్సెళ్లలో 6 మిగులుతాయి. 600 ఫ్రేమ్‌కు చేస్తే 2.7. ఆరు మెగాపిక్సెళ్లు అంటే 3000 × 2000. అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున 10 × 6.7 అంగుళాల ప్రింటు నిక్షేపంగా వస్తుంది. 2.7 అయితే పోస్టుకార్డు సైజుతో సరిపెట్టుకోవాలి. పైన గోపురం దగ్గర 25 మీటర్ల నుంచి 24 మి.మీ.తో తీసి క్రాప్ చేసినా పర్‌స్పెక్టివ్ కుర్చీల పరీక్షలో చూసినట్టే 200 లాగే రావాలి కదా. వస్తుంది, కానీ 6 మైక్రాన్ల కెమెరాలో మనిషి ఎత్తు 256 పిక్సెళ్లే. 200 వేస్తే 2130. లెన్స్ కొనేది ఆ తేడా కోసం.

వచ్చిన పిక్సెళ్లను ఏవి తినేస్తాయి

చేతి వణుకు. షట్టర్ తెరిచి ఉన్నంతలో కెమెరా ఒక డిగ్రీలో నూరో వంతు తిరిగిందంటే, 50 మి.మీ. దగ్గర బొమ్మ 8.7 మైక్రాన్లు జరుగుతుంది, అంటే పిక్సెలున్నర. 400 దగ్గర 70 మైక్రాన్లు, దాదాపు 12 పిక్సెళ్లు. "ఫోకల్ లెంగ్త్ ఎంతో షట్టర్ అంత" (400కు 1/400 సెకను) అనే పాత సూత్రం ఫిల్మ్ రోజులది. ఇప్పటి చిన్న పిక్సెళ్లకు దానికి రెట్టింపు పెట్టండి: 400కు 1/800 సెకను. క్రాప్ బాడీ అయితే 1/1250. స్టెబిలైజేషన్ మీ చేతి వణుకును ఆపుతుంది, పిట్ట తల తిప్పడాన్ని ఆపదు. కాబట్టి పిట్టలకు అది ఉన్నా షట్టర్ తగ్గించవద్దు. ట్రైపాడ్ మీద పెట్టాక, ముఖ్యంగా పాత లెన్సుల్లో, దాన్ని ఆఫ్ చేయండి. మధ్య కాలమ్ పైకి లాగిన ట్రైపాడ్ మీద 400 వేయడం కంటే బియ్యం పోసిన గుడ్డసంచిని గోడ మీద పెట్టి దాని మీద లెన్స్ ఆనించడం నయం.

గాలి. దీన్ని లెన్స్ తప్పు అనుకుని సర్వీసుకు పంపేవాళ్లు చాలామంది. పులికాట్ సరస్సు ఒడ్డున పది గంటల తర్వాత దూరంగా ఉన్న ఫ్లెమింగోలను 600తో తీస్తే కాళ్లు మెలికలు తిరిగి వస్తాయి. నీటి మీద, బురద మీద వేడెక్కిన గాలి అలలు అలలుగా లేచి బొమ్మను చెదరగొడుతుంది. మీకూ వస్తువుకూ మధ్య గాలి ఎంత పొడవుంటే అంత చెరుపు. కనిపెట్టడం ఎలాగంటే, ట్రైపాడ్ మీద నుంచి వరసగా పది ఫొటోలు తీసి 100 శాతం దగ్గర మార్చి మార్చి చూడండి. మసక ఒక్కో ఫొటోలో ఒక్కో చోట ఉంటే అది గాలి. అన్నిట్లో ఒకేలా ఉంటే ఫోకసో లెన్సో. గాలికి మందు రెండే: తెల్లవారిన మొదటి గంట రెండు గంటల్లో తీయడం, దగ్గరికి వెళ్లడం. ఇంకా పొడవు లెన్స్ వేస్తే మెలికలు పెద్దవవుతాయి, అంతే. ఏసీ కారు అద్దం కాస్త దించి ఆ సందులోంచి తీసినా ఇదే జరుగుతుంది. అద్దం పూర్తిగా దించి, ఇంజిన్ ఆపి, ఐదు నిమిషాలు ఆగండి.

అపర్చర్ మరీ మూసేయడం. సన్నని రంధ్రంలోంచి వచ్చిన కాంతి చుక్కలా కాక చిన్న బిళ్లలా పడుతుంది. దాని వెడల్పు ఎఫ్/5.6 దగ్గర 7.5 మైక్రాన్లు, ఎఫ్/8 దగ్గర 10.7, ఎఫ్/16 దగ్గర 21.5. 3.9 మైక్రాన్ల పిక్సెల్ ఉన్న కెమెరాలో ఎఫ్/16 అంటే ఒక్కో చుక్క ఐదారు పిక్సెళ్ల మీద పరుచుకుంటుంది. అలాగని పూర్తిగా తెరిచి పెట్టడమూ మంచిది కాదు, చాలా జూములు పొడవు కొస దగ్గర, పూర్తిగా తెరిచినప్పుడు కాస్త మెత్తగా ఉంటాయి. ఒక స్టాప్ (ఉదాహరణకు ఎఫ్/5.6 నుంచి ఎఫ్/8కు) మూయండి, ఎఫ్/11 దాటకండి.

కన్వర్టర్. ఇది కెమెరాకూ లెన్స్‌కూ మధ్య పెట్టి ఫోకల్ లెంగ్త్ పెంచే ముక్క. 300 ఎఫ్/4 మీద 2 రెట్ల కన్వర్టర్ వేస్తే 600 ఎఫ్/8 అవుతుంది. పిక్సెళ్లు రెట్టింపు పడతాయి. కానీ కాంతి వచ్చే ద్వారం ముందూ తర్వాతా 75 మి.మీ.యే, లెన్స్‌లో ఉన్న లోపాలు కూడా రెట్టింపవుతాయి. 1.4 రెట్లది మంచి ప్రైమ్ లెన్స్ (జూమ్ లేని, ఒకే ఫోకల్ లెంగ్త్ ఉన్నది) మీద ధైర్యంగా వాడొచ్చు. 2 రెట్లది మామూలు జూమ్ మీద వేసే ముందు పత్రిక పరీక్ష చేయండి. కన్వర్టర్ ఫొటోలోనూ, అది తీసేసి తీసిన ఫొటోను రెండింతలు పెంచిన దాంట్లోనూ అవే ఒత్తులు కనిపిస్తుంటే కన్వర్టర్ కొనడం దండగ.

లెన్స్ ముందు పెట్టిన చవక ఫిల్టర్ వైడ్ ఫొటోలో పెద్దగా కనిపించదు, 300 దాటితే తప్పకుండా కనిపిస్తుంది. తీసి చూడండి.

ఫోన్‌లో

ఫోన్ తెర మీద కనిపించే 24, 48, 120 అంకెలు ఫుల్‌ఫ్రేమ్‌తో పోల్చి చెప్పేవి. ప్రధాన కెమెరా అసలు ఫోకల్ లెంగ్త్ చాలా ఫోన్లలో 5 నుంచి 7 మి.మీ. మధ్యే ఉంటుంది. ఫొటో వివరాల్లో రెండూ చూడొచ్చు. పైన చెప్పిన సైజు లెక్కకు ఆ చిన్న అంకెనే వాడాలి.

తెర మీద 5 రెట్లు అని కనిపించినంత మాత్రాన 5 రెట్ల లెన్స్ పనిచేస్తోందని నమ్మకండి. వెలుతురు చాలకపోయినా, వస్తువు మరీ దగ్గరున్నా, చాలా ఫోన్లు చడీచప్పుడూ లేకుండా ప్రధాన కెమెరా ఫొటోనే క్రాప్ చేసి ఇస్తాయి. 5 రెట్లు నొక్కి, టెలీ లెన్స్‌ను వేలితో మూయండి. తెర నల్లబడితే నిజమైన లెన్సే పనిచేస్తోంది. బొమ్మ అలాగే ఉంటే అది క్రాప్. అప్పుడు ఒకడుగు వెనక్కి జరగండి, లేదా లైటు వేయండి, మళ్లీ వేలు పెట్టి చూడండి.